ఇంజిన్ మార్చాను, ఒక్క వైరు మరిచాను

సొంతంగా ఇంజిన్ మార్చడం గురించి మొన్న ఒకరు అడిగారు. నా గరాజ్ కథే చెబుతాను.

1990 మజ్దా మియాటాలో 1.6 లీటర్ల ఇంజిన్ తీసి, 1994 కారులోని 1.8 పెట్టాను. పాత గేర్‌బాక్సుకే బిగిసింది. కంప్యూటరు, వైరింగు కూడా ఆ కారువే తెచ్చుకున్నాను. మా కాలిఫోర్నియాలో పెట్టే ఇంజిన్ కారుకంటే పాత మోడల్‌ది కాకూడదు, దాని పొగ నియంత్రణ సామగ్రి అంతా వెంట రావాలి. కొనకముందే చూసుకోండి.

తాళం తిప్పితే ఇంజిన్ మూలిగిందే తప్ప తిరగలేదు. బ్యాటరీ కొత్తదే! ఇంకోసారి తిప్పేసరికి యాక్సిలరేటర్ కేబుల్ నుంచి పొగ. దగ్గర్లోనే పెట్రోలు గొట్టం, గుమ్మంలో మా పాప. పరుగున వెళ్ళి బ్యాటరీ వైరు పీకేశాను.

జరిగిందేమిటంటే, ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ వైరు బిగించడం మరిచాను. ఈ కారుకు బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. స్టార్టర్‌కు వెళ్ళిన కరెంటు బాడీ గుండానే వెనక్కి రావాలి. ఆ దారి లేక సన్నటి కేబుల్ పట్టుకుంది, అది కాలింది.

మీరైతే ముందు ఆ వైరు కళ్ళతో చూడండి. తర్వాత మల్టీమీటరు ఒక కొస ఇంజిన్ మీద, రెండోది బ్యాటరీ మైనస్ మీద పెట్టి (పొడుగు వైరు కావాలి లెండి) ఇంకొకరిచేత స్టార్ట్ చేయించండి. అర వోల్టు దాటిందంటే ఎర్త్ సరిగ్గా లేనట్టే, వెంటనే ఆపేయండి.