ఈసుడు రోగము - పెయ్యకు వేయు టీకా ఒంటిలో ఎట్లు పనిచేయును?

జహీరాబాదు ప్రాంతమున చెరకు, అల్లము, కంది, జొన్న పండించు రైతులలో పలువురికి పాడి కూడ ఉన్నది. కర్ణాటక సరిహద్దు దగ్గర కావుటచే బీదరు వైపు పేరొందిన దేవణి ఆవులు ఇచ్చటి కొట్టములలోను కనబడును. ఇంటి ఖర్చు పాల మీద గడచుచుండగా, ఏడవ నెల చూడి ఆవు ఒక ఉదయము ఈసుకొనిపోయినచో ఆ నష్టము ఇంతింత కాదు. దూడ పోవును, ఆ ఈత పాలు పోవును. మాయ సరిగా పడక, ఆవు మరల ఎదకు వచ్చుట కూడ ఆలస్యమగును.

పశువులు ఈసుకొనిపోవుటకు కారణములు పెక్కు గలవు. వానిలో ముఖ్యమైనది బ్రూసెల్లోసిస్ అను అంటువ్యాధి. దీనినే ఈసుడు రోగమందురు. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ బాంగ్ 1897లో ఆవులలో దీనిని కలిగించు సూక్ష్మజీవిని కనుగొనెను. ఈ రోగము నుండి కాపాడుటకు టీకా కలదు. 4 నుండి 8 నెలల లోపు పెయ్యదూడకు జీవితములో ఒక్కసారి వేయించిన చాలును. "చూడి కట్టిన తరువాత వేయించిన చాలదా? దూడకెందుకు?" అని కొందరు అడుగుచుందురు. దీనికి జవాబు తెలియవలెనన్న, పశువు ఒంటిలో కాపలా ఎట్లు జరుగునో కొంచెము తెలిసికొనవలెను.

దాగియుండు శత్రువు

నెత్తురులో తిరుగు తెల్లకణములు పలు రకములు. కొన్ని యాంటీబాడీలను తయారుచేయును. ఇవి నెత్తురులోను, పాలలోను కలిసి తిరుగుచు, ఎదురైన క్రిమికి అంటుకొని దానిని పట్టియిచ్చును. అయితే ఈసుడు రోగపు క్రిమి మహా జిత్తులమారి. క్రిములను మ్రింగి చంపవలసిన భక్షక కణములలోనే అది చొరబడి, చావక, అక్కడనే పెరుగును. దొంగ పోలీసు ఠాణాలోనే మకాము పెట్టినట్లన్నమాట. కణము లోపలికి యాంటీబాడీలు పోలేవు. మందులు కూడ అందుకొనుట కష్టము. అందువలననే ఈ రోగము తగిలిన పశువునకు చికిత్సపై ఆధారపడుటకు వీలులేదు.

ఇట్టి శత్రువును కనిపెట్టగలవి టి-కణములు.

రెండు జల్లెడలు

టి-కణములు ఎముకల మూలుగలో పుట్టి థైమస్ అను గ్రంథికి చేరును. లేగదూడలో ఈ గ్రంథి మెడలో గొంతుగొట్టము ప్రక్కన, రొమ్ములో గుండెకు ముందు పెద్దదిగా నుండును. వయస్సు ముదిరినకొలది కుంచించుకొనిపోవును. దీని ఉపయోగమేమో చాలకాలము ఎవరికిని తెలియదు. 1961లో జాక్ మిల్లర్ అను శాస్త్రజ్ఞుడు అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు దీనిని తీసివేసి చూడగా, అవి రోగములను తట్టుకొనలేకపోయెను.

థైమస్‌లో ప్రతి కణము తనకొక గుర్తుపట్టు కొక్కెమును తయారుచేసికొనును. పేకముక్కలు కలిపినట్లు జన్యువుల తునకలు కలిసి, కణమునకొక రీతి కొక్కెము ఏర్పడును. కావున ఏ క్రొత్త క్రిమి వచ్చినను దానికి సరిపడు కణము ఎక్కడనో ఒకటి ఉండకపోదు. కాని ఇట్లు కలిసినపుడు పనికిరానివి, ప్రమాదకరమైనవి కూడ పుట్టును గదా! అందుచే విత్తనములను జల్లెడపట్టినట్లు వీనిని రెండుసార్లు జల్లెడపట్టుదురు అనుకొనుడు. స్వంత ఒంటి కణముల గుర్తుపళ్లెములను చదువలేనివి మొదటి జల్లెడలో పోవును. స్వంత ఒంటిపైననే గట్టిగా పట్టుపట్టునవి రెండవ జల్లెడలో పోవును. నూటికి 95కు పైగా ఇక్కడనే నశించును. మిగిలినవే కాపలాకు బయలుదేరును.

బస్తా విప్పకుండ మచ్చు చూచుట

గుర్తుపళ్లెములనగా ఏమి? మార్కెట్టు యార్డులో వ్యాపారి కంది బస్తాలన్నిటిని విప్పి చూడడు. గుప్పెడు మచ్చు తీసి, అరచేతిలో పోసికొని, లోపలి సరుకును నిర్ణయించును. ఒంటిలోని కణము కూడ అట్లే తన లోపలనున్న మాంసకృత్తులను చిన్న తునకలుగా కోసి, పైపొర మీది పళ్లెములలో పెట్టి మచ్చు చూపును. టి-కణము ఆ మచ్చును, పళ్లెమును కలిపి చూచును. స్వంత సరుకైన సాగిపోవును. పరాయి తునక కనబడిన ఆగిపోవును. ఈ రహస్యమును 1974లో ఆస్ట్రేలియాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్నాగెల్ కనుగొనిరి. 1996లో వారికి నోబెల్ బహుమానము లభించెను. డోహర్టీ పశువైద్యము చదివినవాడగుట మనకు గర్వకారణము.

శత్రువును గుర్తించిన టి-కణములలో ఒక తెగ, రోగము సోకిన కణమునే చంపును. ఇంకొక తెగ, ఇంటర్‌ఫెరాన్ గామా అను పదార్థమును విడిచి, నిద్రపోవుచున్న భక్షక కణమును తట్టి లేపును. అపుడది తనలో దాగిన క్రిమిని తానే చంపగలుగును. ఈసుడు రోగములో రక్షణకు ఇదే కీలకము.

ముందే ఎందుకు?

ఒక్కొక్క క్రిమికి సరిపడు టి-కణములు మొదట బహు కొద్ది. అవి మచ్చును చూచి, వేల సంఖ్యలో పెరుగుటకు వారమునకు పైగా పట్టును. ఆ తరువాత కొన్ని జ్ఞాపకముతో మిగిలి, ఆ శత్రువు మరల వచ్చినపుడు వెంటనే లేచును. టీకా చేయు పని ఈ జ్ఞాపకమును ముందుగా కలిగించుటయే. ఇల్లంటుకొనిన తరువాత బావి త్రవ్వి ప్రయోజనమేమి?

ఈ టీకాకు ఎస్-19 అని పేరు. 1923లో ఒక జెర్సీ ఆవు పాలనుండి తీసిన క్రిమి, ప్రయోగశాలలో ఏడాదికి పైగా నిలువయుండి తన బలమును కోల్పోయెను. దానినుండి వచ్చినదే ఇది. ఇందులో బలహీనపడిన సజీవ క్రిములుండును. అవి బ్రతికి కణములలో చేరినపుడే మచ్చు బాగుగా చూపబడును. అందుచే టీకాను 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనములో ఉంచవలెను. ఎండ తగిలిన సీసా పనికిరాదు.

నాలుగు నెలలకు ముందు, జున్నుపాల ద్వారా తల్లినుండి వచ్చిన యాంటీబాడీలు టీకాకు అడ్డుపడవచ్చును. ఎనిమిది నెలలు దాటిన తరువాత వేసిన, రక్తపరీక్షలో అది రోగమో టీకాయో తేల్చుట కష్టము. చూడి పశువునకు వేసిన ఈసుకొనిపోవు ప్రమాదము కూడ కలదు. మగదూడలకు వేయరాదు.

మీరు చేయవలసిన పనులు

2019 సెప్టెంబరులో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమములో ఈ టీకా చేరియున్నది. మీ గ్రామమునకు టీకా బృందము వచ్చినపుడు పెయ్యలను, బర్రెదూడలను తప్పక చూపించుడు. చెవికి వేయు పోగు సంఖ్యను వ్రాసియుంచుకొనుడు. గ్రామాధికారులు నాలుగు నెలలు నిండిన పెయ్యల జాబితాను ముందుగా తయారుచేసిన పని సులువగును.

టీకా వేసినను జాగ్రత్త విడువరాదు. సంతలో కొన్న పశువును రక్తపరీక్ష చేయించిన తరువాతనే మందలో కలుపవలెను. ఈసుకొనిపోయిన దూడను, మాయను వట్టి చేతులతో తాకరాదు. కుక్కలకు వేయరాదు. సున్నముతో లోతుగా పూడ్చి, కొట్టమును శుభ్రపరచవలెను. ఈ రోగము మనుష్యులకును అంటును. వచ్చిపోవు జ్వరము, కీళ్లనొప్పులు నెలల తరబడి బాధించును. పాలను బాగుగా కాచియే త్రాగవలెను.

పెయ్యకు వేసిన ఒక్క సూది రేపటి దూడను, ఇంటివారి ఆరోగ్యమును కూడ కాపాడును. ఆ నాలుగు నెలల గడువును జారవిడువకుడు.