పలుగురాతి మణులు

పలనాటియందలి దుర్గి గ్రామము శిల్పులకు పేరు గాంచినది. అచ్చటి సున్నపురాతి విగ్రహములను చూడబోయిన మేము, చేనిగట్టున దొరకిన తెల్లని పలుగురాతిని ఒక వృద్ధశిల్పికి చూపి, "దీనిని చెక్కరా?" అని యడిగితిమి. "ఉలిమొన పోవును గాని యీ రాయి లొంగదమ్మా!" అని యాతడు నవ్వెను.

కారణమిది. రాళ్ల కాఠిన్యమును 1 మొదలు 10 వరకు గణింతురు. సున్నపురాయి 3, పలుగురాయి 7, కెంపు, నీలము 9, వజ్రము 10. ఇంటిలోని దుమ్మునందు పలుగుపొడి కలిసియుండును. అందుచేతనే గాజురాయి కొంతకాలమునకు గీతలువడి మాయగా, పలుగుజాతి మణి తన మెరుగును నిలుపుకొనును.

ఈ జాతి సంతానము పెద్దది. నిర్మలమైనది స్ఫటికము, దానిని జపమాలలకును, శివలింగములకును వాడుదురు. ఇంచుక ఇనుము చేరి ఊదారంగు దాల్చినది అమెథిస్టు, పసుపువన్నెది సిట్రిను. చారల అకీకు, ఎర్రని కార్నీలియను, మన పెద్దలు నిప్పు పుట్టించిన చెకుముకిరాయి, ఇవన్నియు తోబుట్టువులే. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపమును త్రవ్వించినపుడు ధాతువులను దాచిన స్ఫటికపు భరిణెలు లభించెను. ఉలికి లొంగని రాతిని అరగదీసి యంత నునుపు చేసిన వారి యోర్పు కొనియాడదగినది.

ఇక మా యింటి మాట. పెండ్లికై యొక పట్టణమున పుష్యరాగపుటుంగరమని మిక్కిలి వెలపెట్టి కొంటిమి. పిదప పరీక్షింపించగా నది సిట్రిను అని తేలినది. అమెథిస్టును కాచినచో తరచు పసుపువన్నె వచ్చును. అంగళ్లలోని సిట్రినులలో పెక్కు అట్టివే. కన్ను మోసపోవును గాని తూకము మోసపోదు. నీటికంటె పలుగుజాతి 2.65 రెట్లు, టోపాజు 3.5 రెట్లు, కనకపుష్యరాగమని యమ్మెడు పసుపువన్నె నీలము 4 రెట్లు బరువు. కావున పొదుగకమునుపే విడిరాతిని పరీక్షింపించి, జాతిపేరు వ్రాసిన పత్రమును, రసీదును గైకొనవలెను.

అమెథిస్టు నగను చిరకాలము ఎండలో నుంచరాదు, రంగు వెలియును. గోరువెచ్చని సబ్బునీట కడిగి మెత్తని గుడ్డతో తుడిచిన చాలును. నగను అతికించునపుడు రాతిని ముందుగా తీయింపుడు. మంటసెగకు వన్నె మారవచ్చును.

ఆ యుంగరమును మేము పారవేయలేదు. మా కోడలు నేటికిని ధరించుచున్నది. అడిగినవారికి సిట్రిను అనియే చెప్పుచున్నది. రాతియందు దోషము లేదు. అమ్మినవారు పెట్టిన పేరునందే యున్నది.