మీకు తెలుసా? ఆరు కాలేజీలు, ఒకే కోచ్

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కోచ్‌లు ఊళ్లు మారడం మామూలే. కానీ ఆరు వేర్వేరు కాలేజీ జట్లను సీజన్ చివర జరిగే బౌల్ మ్యాచ్‌లకు చేర్చిన ఘనత లూ హోల్ట్జ్‌ది. విలియం అండ్ మేరీతో మొదలై నార్త్ కరోలినా స్టేట్, ఆర్కన్సా, మిన్నెసోటా, నోటర్ డేమ్, సౌత్ కరోలినా దాకా సాగింది ఆ ప్రయాణం. 1988లో నోటర్ డేమ్ 12కి 12 గెలిచి జాతీయ ఛాంపియన్ అయింది.

ప్రొఫెషనల్ లీగ్ మాత్రం ఆయనకు అచ్చిరాలేదు. 1976లో న్యూయార్క్ జెట్స్‌ను ఒక మ్యాచ్ మిగిలుండగానే వదిలేశారు.

నిజంగా మెచ్చుకోవాల్సింది సౌత్ కరోలినా కథనే. 1999లో ఆడిన 11 మ్యాచ్‌లూ పోయాయి. అరవై దాటిన హోల్ట్జ్ వెనక్కి తగ్గలేదు. అంతకుముందువీ కలుపుకుని వరుసగా 21 ఓటముల తర్వాత, 2000 సీజన్ తొలి మ్యాచ్‌లో న్యూ మెక్సికో స్టేట్‌పై గెలుపు దక్కగానే అభిమానులు మైదానంలోకి దూకి గోల్ స్తంభాలు పీకేశారు! ఆ సీజన్‌ను 8 గెలుపులతో, ఔట్‌బ్యాక్ బౌల్‌లో ఒహాయో స్టేట్‌పై 24-7 విజయంతో ముగించారు.