వేయి పుటలకు ఒకే కత్తెర

గ్రంథాలయములలోని పాత తెలుగు పుస్తకములను స్కానర్‌పై ఉంచి, పుట పుటకు చిత్రము తీసి భద్రపరచు పని నేడు అనేక చోట్ల జరుగుచున్నది. ఇట్లు తీసిన చిత్రములో పుటతోపాటు ప్రక్కనున్న బల్ల, కుట్టు దగ్గరి నల్లని నీడ, ఒక్కొక్కప్పుడు పుటను అదిమిపట్టిన బొటనవ్రేలు కూడ పడును. అక్కరలేని ఈ అంచులను తీసివేయుటనే క్రాపింగ్ అందురు. ఒక చిత్రమునకైనచో చేతితో చేయవచ్చును. 400 పుటల గ్రంథమునకు, పుటకు అర నిమిషము చొప్పున, 3 గంటల 20 నిమిషములు పట్టును. నూరు గ్రంథములున్నచో ఏమి చేయవలెను? ఈ పనిని కంప్యూటరుకు అప్పగించుట ఎట్లు?

కంప్యూటరుకు పుట కనబడదు. అంకెలు మాత్రమే కనబడును. ఏ4 పరిమాణముగల కాగితమును అంగుళమునకు 300 పిక్సెళ్ల చొప్పున స్కాన్ చేసినచో, అడ్డముగా 2480, నిలువుగా 3508, మొత్తము దాదాపు 87 లక్షల పిక్సెళ్లు ఏర్పడును. రంగులు లేని చిత్రములో ఒక్కొక్క పిక్సెలుకు 0 మొదలు 255 వరకు ఏదో ఒక సంఖ్య ఉండును. 0 అనగా కటిక నలుపు. 255 అనగా శుద్ధమైన తెలుపు. కత్తిరింపు అనగా ఈ పెద్ద పట్టికనుండి ఒక దీర్ఘచతురస్రమును వేరుచేయుటయే. ఎడమ అంచునుండి దూరము, పై అంచునుండి దూరము, వెడల్పు, ఎత్తు అను నాలుగు సంఖ్యలు అందుకు చాలును. తరగతిలో మనము గీయు గ్రాఫులో పైకి పోవుకొలది వై విలువ పెరుగును. ఇచ్చట మూలబిందువు ఎడమవైపు పై మూలయందున్నది. క్రిందికి దిగుకొలది విలువ పెరుగును. క్రొత్తవారు తల కోయబోయి పాదములు కోయుట ఇందువలననే.

అన్ని పుటలకు ఒకే చట్రము వాడుట సులభమైన మార్గము. డ్యూపాంట్ సంస్థలో పనిచేయుచు జాన్ క్రిస్టీ 1987లో ఆరంభించిన ఇమేజ్‌మేజిక్ అను ఉచిత సాధనమునకు ఆ నాలుగు సంఖ్యలతో ఒక్క ఆజ్ఞ ఇచ్చినచో, వేయి చిత్రములనైనను వరుసగా కత్తిరించి పెట్టును. కాని పుటలన్నియు ఒకే తీరున పడవు. కుడిచేతి పుటకు కుట్టు ఎడమవైపు, ఎడమచేతి పుటకు కుడివైపు ఉండును. కావున సరి పుటలకొక చట్రము, బేసి పుటలకొక చట్రము కావలెను. పుట ఒక్క డిగ్రీ ఒరిగినను 2480 పిక్సెళ్ల వెడల్పులో ఆ కొసకు ఈ కొసకు 43 పిక్సెళ్ల, అనగా మూడున్నర మిల్లీమీటర్లకు పైగా, తేడా వచ్చును.

అందుచేత ఏ పుట హద్దులను ఆ పుటలోనే వెదకుట మేలు. మొదట ఒక హద్దుసంఖ్యను నిర్ణయించి, అంతకు తక్కువ విలువగలవానిని నలుపనియు, తక్కినవానిని తెలుపనియు విభజింతురు. కాగితము పసుపుబారినచో 128 వంటి స్థిరసంఖ్య పనికిరాదు. జపాను శాస్త్రజ్ఞుడు నొబుయుకి ఓత్సు 1979లో ప్రచురించిన పద్ధతి ప్రకారము, రెండు గుంపులలోను సంఖ్యల చెదరుట మొత్తముమీద కనిష్ఠమగునట్టి హద్దును ఆ చిత్రమునుండియే గణింపవచ్చును. పిదప ఒక్కొక్క నిలువువరుసలో ఎన్ని నల్ల పిక్సెళ్లున్నవో లెక్కింతురు. ఖాళీ అంచులో దాదాపు సున్న వచ్చును. కుట్టు నీడలో దాదాపు అన్నియు నలుపే. అక్షరములున్నచోట రెండును కలసియుండును. నీడను ఇట్లు గుర్తించి తొలగించిన తరువాతనే అడ్డువరుసలను లెక్కింపవలెను. లేనిచో ఆ నీడ ప్రతి అడ్డువరుసలోను చేరి లెక్కను చెడగొట్టును.

ఒక పుటలో అక్షరములు 290వ నిలువువరుసలో మొదలై 2200వ వరుసలో ముగిసినవనుకొందము. ఇరువైపుల 40 చొప్పున వదలినచో 250 నుండి 2240 వరకు ఉంచవలెను. వెడల్పు ఎంత? 1990 అని చెప్పు విద్యార్థులే ఎక్కువ. రెండు కొసలును లెక్కలోనివే కనుక 1991.

ఈ 40 వృథా కాదు. తెలుగు పుటలో చివరి పంక్తి క్రింద ఒత్తులు వ్రేలాడుచుండును. ఆ అడ్డువరుసలలో నలుపు బహుస్వల్పము. యంత్రము వానిని దుమ్మని భ్రమించును. ఒత్తు తెగినచో ‘అమ్మ’ కాస్తా ‘అమ’ అగును. అసలు పుస్తకము నాలుగేండ్లలో పొడియైపోవచ్చును. అప్పుడా ఒత్తును తెచ్చువారెవరు? పుటసంఖ్యకును ఇదే ప్రమాదము, అది పంక్తులకు దూరముగా ఒంటరిగా ఉండును. అయితే కాగితముమీది మరకలు పుట పుటకు చోటు మారును. పుటసంఖ్య చోటు అంతగా మారదు. పొరుగు పుటలతో పోల్చినచో రెండింటిని వేరుచేయవచ్చును. దుమ్ము స్కానర్ అద్దముమీదనే ఉన్నచో అదియు ప్రతి పుటలో అదేచోట కనబడును; అప్పుడు గణితముకంటె తుడుపుగుడ్డ మేలు.

ఇమేజ్‌మేజిక్‌లోని మాగ్రిఫై అను ఆజ్ఞ, వేరొక చోటు చూపనిచో, కత్తిరించిన చిత్రమును అసలు చిత్రముమీదనే వ్రాసివేయును. చేతితో చేయువాడు ఒక పుటను పాడుచేసి ఆగును, యంత్రము ఆగదు. కనుక అసలు చిత్రములను వేరుగా దాచి, నకళ్లపైననే పని సాగింపవలెను.

పని ముగిసిన పిదప 400 పుటలను మరల చూడనక్కరలేదు. వచ్చిన వెడల్పులను ఆరోహణక్రమములో పేర్చి మధ్యగతము కనుగొనవలెను. అది 1990 ప్రాంతమున ఉండగా ఒక పుట వెడల్పు 640 వచ్చినచో, అది అధ్యాయపు చివర రెండు మాటలు మిగిలిన పుట కావచ్చును, లేదా సగము పద్యము తెగిన పుట కావచ్చును. ఎత్తులను కూడ ఇట్లే పరీక్షింపవలెను. నల్ల పిక్సెలే దొరకని ఖాళీ పుటలకు హద్దులుండవు కనుక, వానిని కత్తిరింపక యథాతథముగా ఉంచుమని ముందుగనే ఆజ్ఞలో చేర్చవలెను.