పప్పులో కాలేయకండి

అన్నం కుప్ప మీద గరిటెడు పప్పు వేసుకుంటే సరిపోదు. కంచంలో వాటాలు మారితేనే చక్కెర అదుపులోకి వస్తుంది. షిఫ్టుల జీవితం గడిపే భిలాయ్ తెలుగువారికి ఇది మరీ అవసరమైన లెక్క

రాత్రి షిఫ్టుకు బయలుదేరే ఉక్కు కార్మికుడి క్యారేజీ విప్పితే భిలాయ్ ఆరోగ్య చిత్రం సగం బయటపడుతుంది. పెద్ద గిన్నె నిండా అన్నం. చిన్న గిన్నెలో నీళ్లలా జారే పప్పు. పక్కన వేపుడో, పచ్చడో. వేడి కొలిమి దగ్గర ఒళ్లు వంచి పనిచేసిన రోజుల్లో ఆ అన్నం ఇట్టే కరిగిపోయేది. యంత్రాలు పెరిగి ఒంటి శ్రమ తగ్గింది. అన్నం గిన్నె మాత్రం చిన్నబోలేదు.

సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో భిలాయ్ ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఎందరో ఉపాధి వెతుక్కుంటూ ఇక్కడికి చేరి స్థిరపడ్డారు. వారు వెంట తెచ్చుకున్న చద్దన్నానికి ఇక్కడ ‘బోరే బాసీ’ రూపంలో చుట్టం కూడా దొరికింది. శ్రమకు గుర్తుగా ఆ రాత్రి నానిన అన్నాన్ని 2022 మే 1న ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం పండుగలా జరిపింది. వరి రాష్ట్రంలో వరి తినే జనం. చిక్కంతా అక్కడే ఉంది.

భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) 2023లో వెల్లడించిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహులు 10 కోట్లకు పైమాటే. ఆ వాకిట్లో నిలబడ్డవారు మరో 13.6 కోట్లు. షిఫ్టు పని ఈ ముప్పును ఇంకాస్త పెంచుతుంది. రెండు లక్షల మందికి పైగా సమాచారాన్ని క్రోడీకరించి 2014లో వెలువడిన ఒక విశ్లేషణలో, షిఫ్టుల్లో పనిచేసేవారికి మధుమేహం అవకాశం 9 శాతం ఎక్కువని తేలింది. షిఫ్టులు మారుతూ పనిచేసేవారిలో అది 42 శాతం. అదే భోజనం పగటికంటే రాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరగడం ఇందుకు ఒక కారణం.

నిదానమే ప్రధానం

పప్పుధాన్యాలు ఈ కథలో ఏం చేస్తాయి? గింజలోని పిండి పదార్థం గట్టి కణగోడల మధ్య, మాంసకృత్తుల అల్లికలో బందీగా ఉంటుంది. జీర్ణరసాలు దాన్ని చేరేసరికి ఆలస్యమవుతుంది. జిగురుగా మారే పీచు జీర్ణకోశం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. ఫలితంగా చక్కెర ఒక్క ఉదుటున కాక, కొద్దికొద్దిగా రక్తంలోకి చేరుతుంది. అరగకుండా మిగిలిన పీచును పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెడతాయి. అప్పుడు పుట్టే ఆమ్లాలు, అటు మాంసకృత్తులు కలిసి ‘కడుపు నిండింది’ అని మెదడుకు చెప్పే హార్మోన్లను ప్రేరేపిస్తాయి.

ఆహారం చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో కొలిచే గ్లైసీమిక్ ఇండెక్స్‌ను 1981లో టొరంటోకు చెందిన డేవిడ్ జెన్కిన్స్ బృందం ప్రతిపాదించింది. గ్లూకోజు 100 అనుకుంటే తెల్లన్నం సుమారు 73. శనగలు 28, రాజ్మా 24 మాత్రమే. పొద్దున మసూరు తింటే మధ్యాహ్న భోజనం తర్వాత కూడా చక్కెర తక్కువగా పెరగడాన్ని అదే బృందం మరుసటి ఏడాది గమనించింది.

2012లో వారే 121 మంది మధుమేహులపై మూడు నెలల పరీక్ష జరిపారు. రోజూ కప్పు ఉడికిన గింజలు తిన్నవారిలో హెచ్‌బీఏ1సీ 0.5 శాతం పాయింట్లు తగ్గింది. గోధుమ పీచు తిన్నవారిలో తగ్గింది 0.3. మందులు మానేయించేంత తేడా కాదు. కానీ వంటింట్లోనే దొరికే ఉపకారం.

ఆకలి సంగతి మరింత ఆసక్తికరం. తొమ్మిది ప్రయోగాలను కలిపి 2014లో చేసిన విశ్లేషణలో గింజలు తిన్నవారికి కడుపు నిండిన భావన 31 శాతం ఎక్కువగా కలిగింది. అయితే ఆ తర్వాతి పూట వారు తిన్నది మాత్రం తగ్గలేదు. 940 మందిపై జరిగిన 21 ప్రయోగాలను 2016లో క్రోడీకరిస్తే, సుమారు ఆరు వారాల్లో తగ్గిన బరువు కిలోలో మూడో వంతు. అంటే ఆకలి చల్లారినా చెయ్యి ఆగాలి. అన్నం తగ్గించి గింజలు పెంచితేనే ఫలితం. అన్నం అలాగే ఉంచి గింజలు కలిపితే కేలరీలే పెరుగుతాయి.

గరిటె కాదు, గిన్నె

‘రోజూ పప్పు తింటూనే ఉన్నాంగా’ అనేవారు పప్పులో కాలేసేది ఇక్కడే. పిడికెడు కందిపప్పును నలుగురికి సరిపోయేలా పలచన చేస్తే మిగిలేది పసుపు రంగు నీళ్లే. రెండు వేల కేలరీల ఆహారంలో రోజుకు 85 గ్రాముల పప్పుధాన్యాలు, 250 గ్రాముల తృణధాన్యాలు ఉండాలన్నది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల మాట. అంటే మూడు పాళ్ల బియ్యానికి ఒక పాలు పప్పు.

ఏ రూపంలో తింటామన్నదీ ముఖ్యమే. వంద గ్రాముల పొట్టు శనగల్లో పీచు దాదాపు 25 గ్రాములు. పొట్టు తీసిన శనగపప్పులో 15. కందిపప్పులో 9. తెల్లబియ్యంలో 3 గ్రాములు కూడా లేదు. గింజను మెత్తగా పిండి చేస్తే కణగోడలు చిట్లి అరుగుదల వేగం పెరుగుతుంది. నూనెలో మునిగిన శనగపిండి బజ్జీని పప్పుధాన్యం ఖాతాలో వేసుకోవడం ఆత్మవంచనే. గుగ్గిళ్లు, పొట్టు పెసలతో పెసరట్టు, ఉలవల కూర, చలికాలంలో ఇక్కడి సంతల్లో మొక్కలతో సహా అమ్మే పచ్చి శనగలు మేలు.

చౌక అని కేసరిపప్పు జోలికి మాత్రం పోకూడదు. ఇక్కడ తివ్రాగా పిలిచే దీన్ని నెలల తరబడి ప్రధాన ఆహారంగా తింటే కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. 1961లో కేంద్రం దీని అమ్మకాన్ని నిషేధించినా ఛత్తీస్‌గఢ్ రైతులు వరి కోతకు ముందే చేలో విత్తనాలు చల్లి పండిస్తూనే వచ్చారు. విషం పాలు తక్కువగా ఉండే ‘మహాతేవడా’ రకాన్ని రాయపూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించింది. శనగపిండిలో ఈ పప్పు కల్తీ అయ్యే అవకాశం ఉంది కాబట్టి మరీ చౌకగా వస్తే అనుమానించడమే మంచిది.

మూత్రపిండాలు దెబ్బతిన్నవారు మాంసకృత్తులు, పొటాషియం పెంచేముందు వైద్యుణ్ని అడగాలి. చక్కెర తగ్గించే మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. మోతాదు సరిచూసుకోవాలి. గ్యాసు భయం ఉన్నవారు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొద్దికొద్దిగా పెంచుకుంటే పేగులు అలవాటు పడతాయి. రాజ్మాను మాత్రం బాగా ఉడికించి తీరాలి.

ఇందులో కొత్త వంటేమీ లేదు. శ్రావణమాసం పేరంటంలో చేతిలో పడే వాయనం శనగలు, నవరాత్రుల గుగ్గిళ్లు తెలుగిళ్లకు తెలియనివా? వాటిని ఏడాదికి కొద్ది రోజుల ప్రసాదంగా కాక, రోజూ క్యారేజీలోకి చేర్చడమే మిగిలిన పని. పెద్ద గిన్నె, చిన్న గిన్నె చోట్లు మార్చుకుంటే చాలు.