రేఖాచిత్రములు – మన అక్షరములు: మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాడుకలో చిక్కులు, పరిష్కారములు

అంకెల పట్టిక చదువరి ఓపికను పరీక్షించును. అవే అంకెలు ఒక రేఖగా మారినపుడు చదువురాని వానికి కూడ హెచ్చుతగ్గులు కంటికి కట్టినట్లు తెలియును. 1786లో విలియం ప్లేఫెయిర్ ఆంగ్లదేశపు వర్తక లెక్కలను రేఖలుగాను, కమ్మీలుగాను గీసి ప్రచురించిన నాటి నుండి రేఖాచిత్రము శాస్త్రమునకే గాక లోకవ్యవహారమునకు కూడ భాషయైనది. మన ప్రాంతమున గీయదగిన విషయములకు కొదువ లేదు. సిరిసిల్ల మరమగ్గముల కూలి, కోరుట్ల చుట్టుపక్కల పసుపు ధర, జగిత్యాల పొలాసలోని వరి పరిశోధన, బీడీలు చుట్టు స్త్రీల రాబడి, గల్ఫ్ దేశములకు పోయిన వారు ఇంటికి పంపు సొమ్ము – ఇవన్నియు మన విద్యార్థుల ప్రాజెక్టులకు తగిన అంశములే.

ఈ చిత్రములను గీయుటకు నేడు విరివిగా వాడబడుచున్న ఉచిత సాధనము మ్యాట్‌ప్లాట్‌లిబ్. ఇది పైథాన్ భాషలో వ్రాయబడిన లైబ్రరీ. దీనిని జాన్ హంటర్ అను నాడీశాస్త్ర పరిశోధకుడు మూర్ఛరోగుల మెదడు నుండి వెలువడు విద్యుత్ సంకేతములను పరిశీలించుటకై ప్రారంభించినాడు. 2003లో ఇది లోకమునకు అందినది. 2012లో ఆయన మరణించిన తరువాత కూడ స్వచ్ఛంద రచయితలు దానిని పెంచి పోషించుచునే ఉన్నారు. 2019లో లోకమంతయు చూచిన కృష్ణబిలపు తొలి చిత్రము వెనుక పనిచేసిన సాధనములలో ఇది ఒకటి. అట్టి సాధనము మన ప్రయోగశాలలోని పాత కంప్యూటరులో కూడ నడచుట సంతోషదాయకము.

ఐనను వాడువారికి చిక్కులు తప్పవు. వాటిని మూడు తెగలుగా విభజింపవచ్చును. చిత్రమే రాకపోవుట మొదటిది. చిత్రము వచ్చియు మన అక్షరము రాకపోవుట రెండవది. చిత్రము చక్కగా వచ్చి అబద్ధమాడుట మూడవది. మొదటి రెండును కంటికి తెలియును, మూడవది తెలియదు. కావున మూడవదే మిక్కిలి ప్రమాదకరము.

1. చిత్రమే రాకపోవుట

లైబ్రరీని స్థాపించిన తరువాత కూడ “అట్టి మాడ్యూల్ లేదు” అను సందేశము వచ్చుచుండును. ఒకే కంప్యూటరులో రెండు పైథాన్‌లు ఉండి, పిప్ ఒకదానిలో స్థాపింపగా, మనము మరియొకదానిని నడుపుటయే దీనికి తరచు కారణము. ఏ పైథాన్‌తో ప్రోగ్రామును నడుపుదుమో ఆ పైథాన్ ద్వారానే పిప్‌ను పిలిచినచో చిక్కు తీరును. ఇంకొక విచిత్రమైన కారణము కూడ కలదు. విద్యార్థి తన ప్రోగ్రాము ఫైలుకు “మ్యాట్‌ప్లాట్‌లిబ్” అనియే పేరు పెట్టుకొనును. పైథాన్ అసలు లైబ్రరీని వదలి, పక్కనే ఉన్న ఆ ఫైలునే లైబ్రరీ అని భ్రమపడును. ఫైలు పేరు మార్చినచో చాలును.

ప్రోగ్రాము దోషము లేకుండ ముగిసి, కిటికీ మాత్రము తెరచుకొనకున్నచో, చివర “షో” అను ఆజ్ఞ ఉన్నదో లేదో చూడవలెను. అదియు ఉన్నచో, లైబ్రరీ “ఆగ్” అను వెనుకతట్టు యంత్రముపై నడచుచున్నదేమో పరిశీలింపవలెను. అది చిత్రమును ఫైలుగా మాత్రమే వ్రాయగలదు, తెరపై చూపలేదు.

తెరపై చూచిన చిత్రమును దాచుకొనగా తెల్లకాగితము మిగులుట మరియొక ఫిర్యాదు. “షో” ముగిసి కిటికీ మూసినంతనే ఆ చిత్రము గతించును. తరువాత “సేవ్‌ఫిగ్” అనినచో లైబ్రరీ క్రొత్త ఖాళీ చిత్రమును తెరచి దానినే దాచును. కావున ముందు దాచి, పిదప చూపవలెను. అంచున ఉన్న పేర్లు తెగిపోయినచో “టైట్ లేఅవుట్” అను ఆజ్ఞ సవరించును. అచ్చునకు పంపు చిత్రమును అంగుళమునకు 300 చుక్కల సాంద్రతతో దాచుట మంచిది.

2. మన అక్షరము రాకపోవుట

ఈ చిక్కు ఆంగ్లములో మాత్రమే వ్రాయువారికి ఎదురుకాదు. తెలుగు, ఉర్దూ చదువు మన బోటి కళాశాలలకే ఎదురగును. శీర్షిక తెలుగులో వ్రాయగా అక్షరములకు బదులు ఖాళీ పెట్టెలు వరుసగా నిలుచును. విద్యార్థి విసిగి, ఆంగ్లములోనికి మారి, తాను ఎవరిని గూర్చి లెక్కలు సేకరించినాడో వారే చదువలేని చిత్రమును సమర్పించును. ఇందులో విద్యార్థి దోషము లేదు.

కారణమేమనగా, 2017 నాటి 2.0 వెర్షన్ నుండి ఈ లైబ్రరీ తనంతట తాను వాడు ఫాంటు డేజావూ సాన్స్. అందులో తెలుగు లిపి లేదు. అట్టి సమయమున లైబ్రరీ “ఫలానా సంఖ్య గల గ్లిఫ్ ఈ ఫాంటులో లేదు” అని హెచ్చరించును. ఆ సంఖ్యను బట్టి రోగమును గుర్తింపవచ్చును. యూనికోడ్‌లో తెలుగునకు కేటాయించిన స్థానములు 3072 నుండి 3199 వరకు. “స” సంఖ్య 3128. ఉర్దూ అక్షరములు 1536 నుండి 1791 వరకు గల అరబీ విభాగములోనివి. 8722 అనునది ఋణ చిహ్నము. 8377 మన రూపాయి గుర్తు.

తెలుగు ఫాంటును, ఉదాహరణకు నోటో సాన్స్ తెలుగును, స్థాపించి దాని పేరును ఫాంటుల వరుసలో మొదట చేర్చవలెను. 2022లో వచ్చిన 3.6 వెర్షన్ నుండి ఒక ఫాంటులో లేని అక్షరమును వరుసలోని తరువాతి ఫాంటు నుండి తీసుకొను సౌకర్యము కలదు; కావున రెండవ పేరుగా డేజావూ సాన్స్‌ను ఉంచవలెను. క్రొత్త ఫాంటు గుర్తింపబడనిచో, లైబ్రరీ దాచుకొన్న పాత ఫాంటుల జాబితా ఫైలును తొలగించి మరల నడుపవలెను. ఋణ చిహ్నము మాత్రమే పెట్టెగా వచ్చినచో “యూనికోడ్ మైనస్” అను అమరికను రద్దు చేయవలెను.

పెట్టెలు పోయినవని సంతోషించులోపల రెండవ చిక్కు తలయెత్తును. “సిరిసిల్ల” అని వ్రాయగా “సిరిసిల్‌ల” అని వచ్చును. “కోరుట్ల” “కోరుట్‌ల” యగును. “జగిత్యాల” “జగిత్‌యాల” యగును. మన మూడు పట్టణముల పేర్లలోను ఒక్కొక్క ఒత్తు ఉండుట వలన ఇవే మంచి పరీక్షాపదములు. “సిరిసిల్ల”లో మన కంటికి కనబడునవి నాలుగు అక్షరములు. కంప్యూటరు దాచుకొనునవి తొమ్మిది సంకేతములు. పొల్లును, దాని తరువాతి హల్లును కలిపి ఒత్తుగా మలచు పనిని “షేపింగ్” అందురు. 2024 డిసెంబరు నాటి 3.10 వరకు వచ్చిన వెర్షన్‌లలో మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఆ పని చేయదు. సంకేతములను ఒకదాని ప్రక్క ఒకటి పేర్చును. అంతకంటె క్రొత్త వెర్షన్ ఉన్నవారు ముందుగా ఈ మూడు పేర్లతో పరీక్షించి చూచుకొనవలెను.

దీనికి సులభమైన మార్గము ఒకటి కలదు. చిత్రమును ఎస్‌విజి రూపములో, అక్షరములను గీతలుగా మార్చక అక్షరములుగానే ఉంచునట్లు దాచవలెను. ఎస్‌విజి ఫాంట్‌టైప్ అను అమరికకు “నన్” అను విలువ నిచ్చుటయే అందులకు ఉపాయము. ఆ ఫైలును క్రోమ్ లేక ఫైర్‌ఫాక్స్‌లో తెరచినచో, వాటిలోని షేపింగ్ యంత్రము ఒత్తులను సరిగా కూర్చును. అక్కడి నుండి పిడిఎఫ్‌గా ముద్రించుకొనవచ్చును. తెరచు కంప్యూటరులో ఆ ఫాంటు ఉండవలెనని మాత్రము మరువరాదు. కొంత సాధన గలవారు ఎమ్‌పిఎల్‌కైరో అను అనుబంధమును రాక్‌మ్ తోడుగాను, జీలాటెక్ తెలిసినవారు పిజిఎఫ్ మార్గమును వాడవచ్చును.

ఉర్దూ చిక్కు వేరు. డేజావూ సాన్స్‌లో అరబీ లిపి ఉన్నందున పెట్టెలు రావు. అందుచే అంతయు సరిగానే ఉన్నదని ఉర్దూ తెలియని అధ్యాపకుడు భ్రమపడును. కాని అక్షరములు ఒకదానితో ఒకటి కలియక విడివిడిగా, ఎడమ నుండి కుడికి నిలుచును. జగిత్యాల పేరును ఉర్దూలో వ్రాసినచో, కుడి చివర ఉండవలసిన జీమ్ ఎడమకును, ఎడమ చివర ఉండవలసిన లామ్ కుడికిని పోవును. అరబిక్ రీషేపర్ అను సాధనముతో ముందు అక్షరములను కలిపి, ఆ పిమ్మట పైథాన్ బిడి అను సాధనముతో వరుసను త్రిప్పవలెను. ఈ క్రమము తప్పరాదు. పైన చెప్పిన ఎస్‌విజి మార్గమున పోవువారు ఈ సాధనములను వాడనక్కరలేదు. బ్రౌజరే ఆ పని చేయును. రీషేపర్ మార్గమునకు నస్‌ఖ్ శైలి ఫాంటులే తగును. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ కృషితో కంప్యూటరునకు ఎక్కిన నూరీ నస్తాలీఖ్ వంటి వాలు వ్రాతకు బ్రౌజరు మార్గమే మేలు.

3. చిత్రము అబద్ధమాడుట

ఒక ఉదాహరణ ఊహింతము. ఒక మగ్గపు కార్మికుని మూడు నెలల రాబడి 9,500, 12,000, 8,750 రూపాయలు. మూడవ నెలలో అది మొదటి నెల కంటెను తగ్గినది. కాని పట్టికలోని కామాల వలన కంప్యూటరు వీటిని సంఖ్యలుగా గాక మాటలుగా చదువును. మాటలను మ్యాట్‌ప్లాట్‌లిబ్ అవి వచ్చిన క్రమములోనే నిలువు అక్షముపై సమదూరమున పేర్చును. అడుగున 9,500, దానిపై 12,000, అన్నిటికంటె పైన 8,750! రేఖ తిన్నగా పైకి పోవును. దోష సందేశము రాదు. చూచిన వారు కార్మికుని రాబడి నెలనెలకు పెరుగుచున్నదని నమ్ముదురు. ఆ చిత్రము ఏ అధికారి బల్లపైకో చేరినచో నష్టపోవునది విద్యార్థి మార్కులు కావు, ఆ కార్మికుని కుటుంబము.

దీని గుర్తు సులభము. అక్షముపై గుండ్రని అంకెలకు బదులు మన పట్టికలోని అంకెలే కనబడి, వాటి వరుస తారుమారైనచో, అవి మాటలని తెలియవలెను. కామాలను తొలగించి సంఖ్యలుగా మార్చిన పిదపనే గీయవలెను.

తేదీలలోను ఇట్టి మోసమే కలదు. 05-06-2024 అనగా మనకు జూన్ 5. నెలను ముందు వ్రాయు అమెరికా పద్ధతిలో అది మే 6. పట్టికను చదువు సాధనమునకు దినము ముందు వచ్చునని స్పష్టముగా చెప్పవలెను. 13 మొదలు తేదీలలో తప్పు బయటపడును గాని, 12 వరకు మౌనముగా సాగిపోవును.

పెద్ద సంఖ్యలు వచ్చినపుడు అక్షము పైన చిన్న అక్షరములలో “1ఇ6” అను గుర్తు ఉండవచ్చును. దాని అర్థము పది లక్షలతో గుణింపుమని. దానిని చూడనివాడు 50 లక్షలను 5 అని చదువును. సాదా అంకెల పద్ధతిని కోరినచో ఆ గుర్తు తొలగును. లేదా మనమే లక్షలలోనికి మార్చి, అక్షము ప్రక్కన “లక్షల రూపాయలలో” అని వ్రాయుట మేలు. రేఖాచిత్రపు నిలువు అక్షము సున్న నుండియే మొదలుకావలెనను నియమమును కూడ లైబ్రరీ పాటింపదు. కొద్దిపాటి తేడా కొండంతగా కనబడినపుడు అక్షము ఎక్కడ మొదలైనదో చూడవలెను.

విద్యార్థి మిత్రులకు మా సూచన ఒక్కటే. చిత్రము గీసిన తరువాత పట్టికలోని ఏవైన మూడు అంకెలను తీసుకొని, చిత్రములో అవి తమ స్థానమున ఉన్నవో లేవో వ్రేలు పెట్టి చూచుకొనవలెను. ఈ పనికి రెండు నిమిషములు చాలును.

కళాశాల కమిటీ పెద్దలకు కూడ ఒక విన్నపము. ప్రయోగశాలలోని ప్రతి కంప్యూటరులోను ఒక తెలుగు ఫాంటును, రెండు శైలుల ఉర్దూ ఫాంటులను ఉంచుట ఖర్చులేని పని. ఆ పాటి ఏర్పాటు జరిగినచో మగ్గము నడుపు తండ్రి, బీడీలు చుట్టు తల్లి తమ బిడ్డ గీసిన చిత్రములో తమ ఊరి పేరును తమ లిపిలో, ఒత్తు చెడకుండ చదువుకొందురు. వారి లెక్కలు వారికి అర్థమగుటయే ఈ విద్యకు సార్థకత.