కొత్త ఫ్లూ జాడ, చికాగో పందుల బజారు

2009 ఏప్రిల్ 27, సోమవారం. చికాగో వాయిదా బజారులో పందుల కాంట్రాక్టులపై అమ్మకాల ఒత్తిడి పెరిగి ధరలు బాగా దిగజారాయి. పందుల దాణాకు వాడే సోయా, మొక్కజొన్న సైతం వాటి వెంటే క్షీణించాయి. కారణం ‘స్వైన్ ఫ్లూ’ వార్త. ఆ వార్త బజారుకు ఎంత ఆలస్యంగా చేరిందన్నది వర్తకులు గమనించదగినది.

మార్చి నెలాఖరులో కాలిఫోర్నియాలో ఇద్దరు పిల్లలకు జ్వరం వచ్చింది. ఇద్దరివీ వేర్వేరు కౌంటీలు. ఒకరికొకరు పరిచయం లేదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఏప్రిల్ 15న ఒక నమూనాలో, 17న రెండవ దానిలో కొత్త వైరస్‌ను గుర్తించి, 21న తన పత్రికలో ప్రకటించింది. పిల్లలిద్దరూ పందుల చెంతకు పోలేదని కూడా అందులోనే ఉన్నది. అంటే జబ్బు మనిషి నుంచి మనిషికి సోకుతున్నదన్న అనుమానం అప్పుడే బలపడింది. మెక్సికో రోగులలోనూ అదే వైరస్ అని 23న కెనడా లేబరేటరీ తేల్చింది. 24న మెక్సికో నగరంలో బడులు మూతపడ్డాక గాని బజారు కదలలేదు. మంగళవారం నుంచే సమాచారం బహిరంగం! కాని వైద్య పత్రిక తిరగేసి బేరం చేసే బ్రోకరు ఎవరు?

వైరస్ జన్యువులు పందుల ఫ్లూ జాతివి గనుక ఆ పేరు వచ్చింది. బజారు పేరును చూసి అమ్మింది. అయినా సట్టావారిని పూర్తిగా తప్పుపట్టలేము. బాగా ఉడికిన మాంసంతో ప్రమాదం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినా, రష్యా, చైనా మెక్సికో నుంచి, కొన్ని అమెరికా రాష్ట్రాల నుంచి దిగుమతులు నిలిపివేశాయి. గిరాకీ పోయాక సరుకు మంచిదైనా ధర పలకదు. కాంట్రాక్టు 40,000 పౌన్లు. పౌనుకు సెంటు తగ్గితే కొన్నవారికి 400 డాలర్ల నష్టం.

ఏప్రిల్ 30న ఆరోగ్య సంస్థ ఆ పేరు మానివేసి ‘ఎ హెచ్1ఎన్1’ అనసాగింది. అప్పటికే దెబ్బ తగిలింది.

వైరస్ మాత్రం ప్రయాణికులతో సాగింది. మన దేశంలో తొలి కేసు మే 16న హైదరాబాదులో ధ్రువపడింది. ఆ వ్యక్తి అమెరికా నుంచి విమానంలో వచ్చినవాడు. జాడ తీయదలచినవారు పందుల దొడ్లకంటే విమానాశ్రయాలను చూసి ఉండవలసింది. ఈజిప్టు ప్రభుత్వం ఏప్రిల్ 29న సుమారు 3 లక్షల పందులను వధించమని ఉత్తర్వు చేసింది. ఆనాటికి అక్కడ ఒక్క రోగి కూడా బయటపడలేదు.